ఫ్రెషర్ పేరున్న ఓడ, బయట కొన్న ఇంజను

పోయిన సంక్రాంతికి వైజాగ్ లో పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. పండగ మర్నాడు మా తమ్ముణ్ణి (పిన్ని కొడుకు, ఇంటర్ సెకండియర్) వెంటేసుకుని ఆర్కే బీచ్ లో కురుసుర జలాంతర్గామి చూడ్డానికి పోయాం. చిన్నప్పుడు నేనూ నోరు వెళ్ళబెట్టుకుని చూసిందే. లోపల ఆ ఇరుకు దారులూ, పైపులూ, చక్రాలూ అన్నీ చూసి బయటికొచ్చాక వాడు అడిగాడు.

"అన్నయ్యా, ఇది మనం చేసిందేనా?"

"కాదురా, రష్యా వాళ్ళది. కొన్నాం."

"మరి కొన్నదాన్ని పెట్టుకుని ఇంత గొప్ప దేనికి?"

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. పల్లీలు కొనిపెట్టి మాట మార్చాను. కానీ ఆ ప్రశ్న బుర్రలో ఉండిపోయింది. ఎందుకంటే సరిగ్గా అదే ప్రశ్న మీద మా ఆఫీసులో నెలరోజులుగా గొడవ జరుగుతోంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్ లో కురుసుర జాతకం వెతికాను. 1969 డిసెంబరులో సోవియట్ యూనియన్ లోని రీగా రేవులో మన నేవీలో చేరిందట. రీగా ఎక్కడుందా అని మ్యాపు చూస్తే బాల్టిక్ సముద్రంలో ఒక పెద్ద సింధుశాఖ ఒడ్డున ఉంది. ఆ సింధుశాఖలో ఏం జరిగిందా అని చూస్తే 1915లో ఒక రష్యన్ డిస్ట్రాయరు చేసిన యుద్ధం కనపడింది. ఇక అంతే, తెల్లారేదాకా దాని వెంటే పడ్డాను. ఈ టపా ఆ ఓడ గురించి. దాని పేరు నోవిక్.

పేరు చూసి ముందు నవ్వొచ్చింది. పాత రష్యాలో కొత్తగా సైన్యం కొలువులో చేరిన కుర్ర జమీందారీ బిడ్డని నోవిక్ అనేవారట. అంటే మన భాషలో ఫ్రెషర్ అన్నమాట :)

అసలు ఈ ఓడ ఎందుకు పుట్టింది

1904-05లో జపాన్ చేతిలో రష్యా చావుదెబ్బ తింది. బాల్టిక్ నుంచి సగం ప్రపంచం చుట్టి వెళ్ళిన నౌకాదళం 1905 మే నెలలో త్సుషిమా దగ్గర దాదాపు మొత్తం మునిగిపోయింది, లేదా లొంగిపోయింది. అంతకుముందే, 1904లో, నేవీని బలపరచడానికి జనం దగ్గర విరాళాలు వసూలు చేసే ఒక కమిటీ పెట్టారు. ఊళ్ళకి ఊళ్ళు డబ్బులిచ్చాయి. బుఖారా ఎమీర్ ఇచ్చిన డబ్బుతో కట్టిన ఓడకి ఆయన పేరే పెట్టారు. ఇంకో ఓడ పేరు 'దొబ్రొవోలెత్స్', అంటే వాలంటీరు. ఇలా వరసగా చాలా చిన్న ఓడలు కట్టారు. అన్నీ బొగ్గుతో నడిచేవి, పాతకాలం పిస్టన్ ఇంజన్లు. వేగం 25 నాట్ల దగ్గర. (ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు.) అవి నీళ్ళలోకి దిగేసరికే పాతబడిపోయాయి.

అన్నీ అయ్యాక ఇంకా సుమారు 20 లక్షల రూబుళ్ళు మిగిలాయి. మామూలుగా అయితే ఏం చేస్తారు? ఇంకో రెండు అలాంటివే కట్టేసి చేతులు దులుపుకుంటారు. వీళ్ళు అలా చెయ్యలేదు. ఉన్న డబ్బంతా ఒక్క ఓడ మీద పెడదాం, అది మాత్రం ఇప్పటిదాకా మనం చెయ్యనిది అవ్వాలి అనుకున్నారు.

నేవీ వాళ్ళు రాసుకున్న రిక్వైర్మెంట్స్ చూడండి. వేగం 36 నాట్లు. అప్పట్లో బ్రిటన్ మామూలుగా కడుతున్న డిస్ట్రాయర్ల వేగం 27 నుంచి 29. ఇంజను స్టీమ్ టర్బైను. బాయిలర్లలో బొగ్గు ముక్క కూడా ఉండకూడదు, మొత్తం చమురే. బొగ్గయితే పదుల మంది మనుషులు పారలతో రాత్రింబవళ్ళు పొయ్యిలో వేస్తూ ఉండాలి, బూడిద ఎత్తిపోస్తూ ఉండాలి, వాళ్ళు అలిసిపోతే ఓడ వేగం కూడా పడిపోతుంది. చమురైతే కవాటం తిప్పితే చాలు. పైగా ఈ ఓడ తుపాకులతో కొట్లాడాలి, టార్పెడోలు వెయ్యాలి, శత్రువు దారిలో మైన్లు (నీళ్ళలో పెట్టే మందుపాతరలు) పరవాలి. మూడు పనులూ ఒక్క ఓడే చెయ్యాలి.

ఇది 1910ల ముందు రాసిన స్పెక్ అంటే నమ్మబుద్ధి కాదు. దాదాపు 102 మీటర్ల పొడవు, సుమారు 1280 టన్నుల బరువు, 102 మిల్లీమీటర్ల ఫిరంగులు 4, టార్పెడో గొట్టాలు 8, మైన్లు 50కి పైగా.

వెండరు ఎవరు?

సెంట్ పీటర్స్ బర్గ్ లోని పుతీలోవ్ ఫ్యాక్టరీకి కాంట్రాక్టు వచ్చింది. కానీ వాళ్ళ దగ్గర అంత పెద్ద టర్బైన్లు, బాయిలర్లు చేసే సరంజామా లేదు. అందుకని జర్మనీలోని స్టెటిన్ ఊళ్ళో ఉన్న వుల్కన్ కంపెనీతో కలిసి చేశారు. మూడు టర్బైన్లు, ఆరు బాయిలర్లు వాళ్ళవి. 1910లో పని మొదలైంది, 1911 వేసవిలో ఓడ నీళ్ళలోకి దిగింది.

1912లో ట్రయల్స్. ఓడ పరిగెత్తింది, బాగానే పరిగెత్తింది. కానీ 36 రాలేదు. ప్రొపెల్లర్లు మార్చి మార్చి చూశారు. 35 దాటుతోంది కానీ 36 అందడం లేదు. అసలు లోపం బాయిలర్లలో ఉంది, టర్బైన్లకి కావలసినంత ఆవిరి ఇవ్వలేకపోతున్నాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ స్థానంలో మనం ఉంటే ఏం చేసేవాళ్ళం? నిజం చెప్పండి. "సర్, 36 అన్నారు, 35 పైచిలుకు వచ్చింది, 98 శాతం, మిగతాది ఫేజ్ టూ లో చూద్దాం" అని మెయిల్ కొట్టేవాళ్ళం. క్లయింటు కూడా రిలీజ్ తేదీ దగ్గర పడుతోందని సంతకం పెట్టేసేవాడు. నేను నా ఆరేళ్ళ సర్వీసులో ఇలాంటి సంతకాలు చాలానే చూశాను. రెండు మూడు నేను పెట్టించినవే.

రష్యన్లు ఒప్పుకోలేదు. కాంట్రాక్టులో 36 అని ఉంది, 36 కావాలి అన్నారు. 1913లో ఓడని మళ్ళీ జర్మనీ పంపి, వుల్కన్ కంపెనీ చేతే, ఆ కంపెనీ ఖర్చుతోనే బాయిలర్లు సరిచేయించారు. 1913 ఆగస్టులో మళ్ళీ ట్రయల్ చేస్తే 37.3 నాట్లు వచ్చింది. అంటే గంటకి 69 కిలోమీటర్లు. ఆ రోజుకి ప్రపంచంలో అతి వేగంగా పోయే యుద్ధనౌకల్లో ఒకటి. అప్పుడు తీసుకున్నారు.

చాలామంది నోవిక్ కథని ఈ 37.3 దగ్గరే ఆపేస్తారు. రికార్డు, చప్పట్లు, శుభం కార్డు. నా ఉద్దేశంలో అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

వెండరు శత్రువైన రోజు

నోవిక్ చేతికొచ్చి ఏడాది తిరక్కుండానే 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం. ఎవరితో? జర్మనీతో! బాయిలర్లు బాగుచేసిచ్చిన వాళ్ళతోనే.

నోవిక్ బాగుందని చూసి రష్యా అప్పటికే అలాంటి డిస్ట్రాయర్లు వరసగా ఆర్డరిచ్చింది, మొత్తం లెక్క 50 దాటింది. వాటిలో కొన్నిటి కోసం టర్బైన్లు మళ్ళీ జర్మనీలోనే చేయించుకుంటోంది. యుద్ధం రాగానే జర్మనీ ఆ టర్బైన్లని పట్టేసుకుంది. ఊరికే పట్టేసుకుని గోడౌన్ లో పెట్టలేదు. ఆ ఇంజన్ల చుట్టూ తమ కోసం కొత్త ఓడలు గీసుకుని కట్టేసుకుంది! ఇంత పెద్ద డిస్ట్రాయర్లు అప్పటిదాకా జర్మన్ నేవీకి లేవు. రష్యా ఆర్డరు పుణ్యమా అని వచ్చాయి. వాటిలో రెండిటి పేర్లు వి 99, వి 100. ఆ 'వి' అంటే ఏమిటనుకున్నారు? వుల్కన్. మన నోవిక్ ఇంజన్ చేసిన అదే కంపెనీ.

ఇటు రష్యాకి బాల్టిక్ సముద్రంలో యుద్ధం మొదలైనప్పుడు ఉన్న కొత్త తరం డిస్ట్రాయరు నోవిక్ ఒక్కటే. దాని తమ్ముళ్ళు అక్కడ నీళ్ళలోకి దిగి పనిలో చేరడానికి 1915 చివరిదాకా పట్టింది.

ఈ కథ సినిమాలో పెడితే అతిగా ఉందని కొట్టిపారేస్తాం గానీ, నిజంగానే జరిగింది. 1915 ఆగస్టు 16 రాత్రి వి 99, వి 100 చీకట్లో రీగా సింధుశాఖలోకి దూరాయి. అక్కడున్న 'స్లావా' అనే పాత రష్యన్ యుద్ధనౌకని టార్పెడోలతో ముంచడం వాటి పని. రాత్రంతా పాత రష్యన్ ఓడలతో చిన్న చిన్న కాల్పులు జరిగాయి. (వాటిలో కొన్ని ఆ విరాళాల డబ్బుతో కట్టినవే.) స్లావా దొరకలేదు. తెల్లవారి, ఆగస్టు 17న, ఇర్బె జలసంధి దగ్గర బయటికి పోబోతుంటే నోవిక్ ఎదురైంది.

ఒకసారి లెక్క చూద్దాం. అవి రెండు, ఇది ఒకటి. వాటి వేగం కూడా 36 నాట్ల పైనే. మరి ఉండదూ, అదే జాతి ఇంజను కదా! అంటే నోవిక్ పేరు చెప్పగానే అందరూ చెప్పుకునే ఆ వేగం ఆ పొద్దున దానికి ఏ లాభమూ ఇవ్వలేదు.

మరి తేడా ఎక్కడొచ్చింది? తుపాకుల దగ్గర వచ్చింది. జర్మన్ ఓడల మీద ఉన్నవి 88 మిల్లీమీటర్ల తుపాకులు, ఒక్కో గుండు సుమారు 10 కిలోలు. నోవిక్ మీద ఉన్నవి 102 మిల్లీమీటర్లవి, గుండు 17.5 కిలోలు, గొట్టం పొడవు ఆరు మీటర్లు. ఇవి జర్మన్ సరుకు కాదు, సెంట్ పీటర్స్ బర్గ్ లోని ఓబుఖోవ్ ఫ్యాక్టరీవి. కెప్టెన్ మిఖయీల్ బేరెన్స్ దగ్గర బాగా తర్ఫీదయిన ఫిరంగి సిబ్బంది ఉన్నారు. కాల్పులు మొదలైన కొద్ది నిమిషాల్లోనే వి 99 కి గుళ్ళు తగలడం మొదలైంది. తప్పించుకోబోయి అది రష్యన్లు పరిచిన మైన్ల మీదికి పోయింది. ఇక లేవలేదు. వి 100 దెబ్బలు తిని ఎలాగో బయటపడింది. నోవిక్ కి చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఒక్కడు ఇద్దర్ని కొట్టాడు అన్న లెవెల్ లో దీన్ని డబ్బా కొట్టనక్కర్లేదు. ఆ రెండు ఓడలూ రాత్రంతా కొట్లాడి అలిసిపోయి ఉన్నాయి, ఇరుకు దారి, చుట్టూ మైన్లు. అయినా సరే, ఆ పొద్దున గెలిపించినవి ఏమిటి? రష్యా సొంతంగా చేసుకున్న తుపాకులు, సొంతంగా నేర్చుకున్న గురి, సొంతంగా పరుచుకున్న మైన్లు. బయట కొన్నది రెండు పక్షాలకీ సమానమైపోయింది. తేడా వచ్చింది సొంతవాటి దగ్గరే.

ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా దానికి వివరణ.

ఎవరూ పాట కట్టని పని

నోవిక్ యుద్ధకాలంలో చేసిన అసలు పని ఈ డ్యుయెల్ కాదు. అది ఒక్క పొద్దున జరిగింది. మిగతా కాలమంతా అది చేసిన పెద్ద పని మైన్లు పరవడం. చీకటి పడ్డాక బయల్దేరడం, దీపాలు ఆర్పుకుని శత్రువు తిరిగే దారిలోకి పోవడం, 50కి పైగా మైన్లు ఒక్కొక్కటే వెనక నుంచి నీళ్ళలోకి జారవిడవడం, తెల్లారేలోగా ఇంటికి రావడం. నవంబరు, డిసెంబరు నెలల్లో బాల్టిక్ చలి ఎలా ఉంటుందో ఊహించుకోండి. మైను జారవిడిచేవాడికి అది పేలుతుందో లేదో, ఎప్పుడు పేలుతుందో కూడా తెలియదు. ప్రొడక్షన్ సపోర్టు లాంటి ఉద్యోగం. ఎవడూ చప్పట్లు కొట్టడు.

కానీ ఫలితాలు చూడండి. 1915 డిసెంబరు 17న జర్మన్ క్రూజరు బ్రెమెన్, దాంతోపాటు వి 191 అనే టార్పెడో బోటు, నోవిక్ దాని తోటి ఓడలూ కలిసి వేసిన మైన్ల మీదికి పోయి మునిగిపోయాయి. 1916 నవంబరులో 11 జర్మన్ టార్పెడో బోట్లు ఫిన్లాండ్ సింధుశాఖలోకి దాడికి వస్తే, ఒక్క రాత్రిలో 7 రష్యన్ మైన్లకి బలయ్యాయి. ఎదురుగా ఒక్క పెద్ద రష్యన్ ఓడ నిలబడి యుద్ధం చెయ్యకుండానే!

ఈ మైన్ల విద్య రష్యాకి ఎవరూ అమ్మింది కాదు. 1850ల్లో క్రిమియా యుద్ధం నాటి నుంచీ వాళ్ళు దాని మీద పని చేస్తున్నారు. 1904లో జపాన్ తో అంత ఘోరంగా ఓడిపోయిన యుద్ధంలో కూడా, 'అమూర్' అనే వాళ్ళ మైన్లు పరిచే ఓడ వేసిన మైన్లకి ఒక్కరోజులో రెండు జపాన్ యుద్ధనౌకలు మునిగాయి. అదే యుద్ధంలో వాళ్ళ అడ్మిరల్ మకారోవ్ జపాన్ మైనుకి బలయ్యాడు. మునగడం, ముంచడం రెండూ చూశారు. అందుకే ఓడ స్పెక్ రాసేటప్పుడు వేగం ఇంజను వాడికి వదిలేసినా, మైన్లకి పట్టాలూ, చోటూ ఎక్కడుండాలో మాత్రం తామే తేల్చుకున్నారు. ఓడలో తమకి ఏది ప్రాణమో వాళ్ళకి తెలుసు.

అలాగని అన్నీ మనమే చెయ్యాలా?

ఇక్కడే కొందరు మిత్రులు ఎగిరి గంతేస్తారు. "చూశావా, అందుకే అన్నీ స్వదేశీ ఉండాలి" అని. కాదు మహాప్రభో. పుతీలోవ్ వాళ్ళు పంతానికి పోయి టర్బైను మేమే చేస్తాం అని కూర్చుంటే నోవిక్ 1913లో వచ్చేది కాదు, యుద్ధం అయిపోయాక వచ్చేది. కొనడం తెలివైన పనే. నాకు కనపడిన తప్పు ఇంకోచోట ఉంది. మొదటి ఓడకి కొనడం నేర్చుకోవడం. యాభై ఓడల వరస మొదలుపెట్టాక కూడా వాటిలో కొన్నిటి ఇంజన్లు ఇంకా అదే పొరుగువాడి షెడ్డులో ఉండటం అజాగ్రత్త. ఆ పొరుగువాడితో పొసగదని తెలిసి కూడా!

కొన్న డిజైన్ ని మన పరిస్థితికి సరిచూసుకోకపోతే ఏమవుతుందో కూడా ఈ ఓడల కుటుంబంలోనే ఒక కథ ఉంది. 1930ల్లో సోవియట్ యూనియన్ ఇటలీ డిజైన్ ఆధారంగా కొత్త డిస్ట్రాయర్లు కట్టింది. మధ్యధరా సముద్రం లాంటి చోట తిరిగే ఓడల డిజైన్ అది. 1942 నవంబరు 20న ఉత్తరాన బారెంట్స్ సముద్రంలో పెద్ద తుఫానులో, అలాంటి ఓడ 'సొక్రుషీతెల్నీ' వెనక భాగం అలల దెబ్బకి విరిగి ఊడిపోయింది. శత్రువు కొట్టలేదు, సముద్రమే కొట్టింది. సాయానికి వచ్చినవి ఏవో తెలుసా? 'కుయ్‌బిషెవ్', 'ఉరీత్స్కీ'. రెండూ మొదటి ప్రపంచ యుద్ధం నాటి నోవిక్ తరహా పాత ఓడలు, పేర్లు మార్చినవి. అలల మీద చమురు పోసి, తాళ్ళు కట్టి, దాదాపు 190 మందిని లాగి బయట వేశాయి. కుర్ర ఓడని తాతలు కాపాడారు.

చివరికి ఏమైంది

1917 అక్టోబరులో జర్మన్లు ఎస్టోనియా దీవుల మీదికి వచ్చినప్పుడు కూడా నోవిక్ అక్కడుంది. తర్వాత విప్లవం. ఓడకి 1926లో 'యాకోవ్ స్వెర్ద్‌లోవ్' అని పేరు మార్చారు, కొంత బాగుచేశారు, తర్వాత కుర్ర నావికులకి శిక్షణ ఇవ్వడానికి వాడారు. ఫ్రెషర్ పేరున్న ఓడ ఫ్రెషర్లకి పాఠాలు చెప్పింది.

మళ్ళీ యుద్ధం. 1941 ఆగస్టు 28న జర్మన్లు చుట్టుముట్టిన తాలిన్ రేవు నుంచి సోవియట్ దళం మొత్తం బయటపడాల్సి వచ్చింది. 200కి పైగా ఓడలు. దారిలో జుమిందా అనే చోట జర్మన్లు, ఫిన్లాండ్ వాళ్ళు మైన్లు పరిచి ఉంచారు. వాటిని ఊడ్చే ఓడలు చాలినన్ని లేవు. 'కీరోవ్' క్రూజరుకి కాపలాగా పోతున్న మన పాత నోవిక్ ఆ సాయంత్రం ఒక మైను తగిలి నిమిషాల్లో మునిగిపోయింది. ఓడలో ఉన్నవాళ్ళు వందమందికి పైగా పోయారు. ఆ ప్రయాణం మొత్తంలో పోయినవాళ్ళు పదివేల పైనే.

రాత్రి మూడింటికి ఇది చదువుతుంటే ఏదోలా అయింది. జీవితమంతా మైన్లు పరిచిన ఓడ, ఒకప్పుడు తాను కాపలా కాసిన సింధుశాఖలో, మైనుకే బలైంది. 1916లో ఆ విద్యలో వాళ్ళకి వాళ్ళే సాటి. 1941 నాటికి ఎదుటివాళ్ళు నేర్చుకున్నారు, వీళ్ళు విరుగుడు తయారు పెట్టుకోలేదు. సొంత విద్య ఉంటే సరిపోదు, దానికి రోజూ నీళ్ళు పోస్తూ ఉండాలి.

ఇప్పుడు ఆఫీసు గొడవ

మాది బ్యాంకు లావాదేవీల్లో మోసాలని పట్టుకునే ప్రొడక్టు. చిన్న టీము. సర్వర్లు అద్దెవి, డేటాబేస్ కొన్నది, స్క్రీన్లు కూడా చాలావరకు రెడీమేడ్. వాటి మీద నాకే పేచీ లేదు, అవి మా టర్బైన్లు. మాకంటూ ఉన్నది ఒక్కటే. ఏ లావాదేవీ తేడాగా ఉందో పట్టే రూల్సు. నాలుగేళ్ళు బ్యాంకు బ్రాంచీల్లో క్యాషియర్లతో, మేనేజర్లతో కూర్చుని, మోసపోయిన పెద్దవాళ్ళ ఫిర్యాదులు చదివి చదివి కూడబెట్టుకున్నవి. ఫలానా ఊళ్ళో పింఛను పడిన రెండు గంటల్లో ఫలానా రకంగా డబ్బు పోతే అనుమానించాలి, ఇలాంటివి.

ఇప్పుడు ప్రపోజల్ ఏమిటంటే, ఆ రూల్సు తీసి పక్కనపెట్టి, ఒక పెద్ద వెండరు దగ్గర ఏఐ మోడల్ కొనేద్దామని. బెంచ్‌మార్కు అంకెలు మాత్రం అదిరిపోయాయి, కాదనను. అది వాళ్ళ 37.3 నాట్లు. మీటింగులో దానికి చెప్పిన గట్టి సమర్థన ఏమిటో తెలుసా? "మన పోటీ కంపెనీ కూడా అదే కొంది."

అప్పుడు నాకు ఇర్బె జలసంధి గుర్తొచ్చింది. పోటీవాడి దగ్గర కూడా అదే ఉంటే, రేపు పొద్దున ఎదురుపడ్డప్పుడు మన దగ్గర వాడికి లేనిది ఏముంటుంది?

నేను ఏఐ కి వ్యతిరేకిని కాదు. కొందాం. కానీ రూల్సు, వాటి వెనకున్న మనుషులు, మోడల్ చెప్పిందాన్ని మా డేటాతో మేమే పరీక్షించి "ఇది 36 కాదు, తీసుకుపో" అనగలిగే పట్టు, ఈ మూడూ మా దగ్గరే ఉండాలి అని ఒక పేజీ నోట్ రాసి ఇచ్చాను. టీములో ఇద్దరు నావైపు, ముగ్గురు అటువైపు, మా మేనేజరు గోడమీద. నిర్ణయం వచ్చే నెల. ఓడిపోతే ఆ రూల్సు రాసిన నలుగురిలో ఇద్దరికి వేరే పని ఉండదు. వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ కావాలంటే ఆ విద్య దొరకదు. అంకెల్లో ఎక్కడా కనపడని నష్టం అది.

వందేళ్ళ కిందటి మాట ఇప్పుడెందుకు అంటారేమో. 2014లో మళ్ళీ అదే జరిగింది. రష్యా తన కొత్త ఫ్రిగేట్లకి గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్ లోని మికొలాయివ్ నుంచి తెప్పించుకునేది. (పాత పేరు నికొలాయెవ్. నోవిక్ తరహా ఓడలు కొన్ని అక్కడే కట్టారు.) క్రిమియాని ఆక్రమించాక ఉక్రెయిన్ ఆ ఇంజన్లు ఇవ్వడం ఆపేసింది. ఫ్రిగేట్లు ఇంజన్లు లేకుండా యార్డులో ఉండిపోయాయి. వాటిలో రెండు చివరికి ఎవరికి వచ్చాయి? మనకే. ఇంజన్లు మనం ఉక్రెయిన్ దగ్గర కొని ఇస్తే రష్యా వాళ్ళు బిగించి ఇచ్చారు. 2024 డిసెంబరులో తుషిల్, 2025 జూలైలో తమాల్, రెండూ బాల్టిక్ ఒడ్డునే ఉన్న కలీనిన్‌గ్రాద్ లో మన నేవీలో చేరాయి. మన ఊరి పేరు పెట్టుకున్న డిస్ట్రాయరు ఐఎన్ఎస్ విశాఖపట్నం (2021) డిజైన్ మనది, కట్టింది ముంబైలో. దాని గ్యాస్ టర్బైన్లు మాత్రం ఆ మికొలాయివ్ వే. 2022లో ఆ ఊరే యుద్ధరంగం అయింది. కాబట్టి ఇది పాత కథ ఏమీ కాదు.

నిన్న తమ్ముడికి ఫోన్ చేశాను. "నువ్వు కురుసుర గురించి అడిగావు కదా, ఇప్పుడు చెప్తా విను" అన్నాను. కొన్నందుకు గొప్ప కాదురా. కొన్నదాన్ని తీసుకుని 1971 యుద్ధానికి పోయి, ముప్పయ్యేళ్ళకి పైగా నడిపి, దాని ఒక్కో కవాటం సంగతి మనవాళ్ళు నేర్చుకున్నందుకు గొప్ప. కొన్నప్పుడు అడగాల్సింది ఒక్కటే: ఇది రేపు వాడు ఇవ్వనంటే, మన చేతిలో ఏం మిగుల్తుంది?

వాడు కాసేపు ఊరుకుని, "అయితే అన్నయ్యా, నేను మెకానికల్ తీసుకోనా, కంప్యూటర్సా?" అన్నాడు.

ఈసారి పల్లీలు కూడా లేవు చేతిలో :)